లీటరుకి పన్నెండు

ఇన్‌స్పెక్టర్ వేసిన లెక్కలో తప్పేమీ లేదు. కాటాకి చిరాకు పుట్టించింది అదే. తప్పుడు లెక్కయితే ఒకచోట వేలు పెడితే చాలు, కూలిపోతుంది. సరైన లెక్కని కూలగొట్టాలంటే దాని కింద పునాది తవ్వాలి. తవ్వడానికి ఉన్న గడువు సాయంత్రం నాలుగింటి దాకా. నాలుగింటికి నత్త అనే డ్రైవర్ని కోర్టులో నిలబెట్టి, యజమానిని చంపింది వీడేనని చెప్పబోతున్నారు.

"ఇంకొక్కసారి చెప్పు తమ్ముడూ," అన్నాడు కాటా.

ఇద్దరూ పోలీస్ స్టేషను వెనక, రేకుల నీడన నిలబెట్టిన తెల్ల కారు పక్కన ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ సుద్దముక్కతో గోడ మీద అంకెలు వేస్తున్నాడు. రెండోసారి చెప్పడం అతనికి కష్టమనిపించలేదు. గెలిచిన లెక్క ఎన్నిసార్లు చెప్పినా నోరు నొప్పెట్టదు.

"పొద్దున బంకులో ట్యాంకు మూతిదాకా నింపారు. నత్తగాడు సాయంత్రం తిరిగొచ్చాక మళ్ళీ మూతిదాకా నింపితే పది లీటర్లు పట్టింది. బండి తాగింది పది. నేను టెస్టు చేయించాను, లీటరుకి పదహారు ఇస్తోంది. పది పదహార్లు ఎంతన్నయ్యా?"

"నూట అరవై."

"వాడు వెళ్ళానంటున్న ఊరు అరవై కిలోమీటర్లు. రానూపోనూ నూట ఇరవై. మిగతా నలభై ఎక్కడ తిరిగాడు?"

"దారిలోని అడ్డరోడ్డు నుంచి, శవం దొరికిన రాళ్ళ క్వారీకి ఇరవై. వెళ్ళి రావడానికి నలభై," అన్నాడు కాటా.

"మా వదినగారు నిన్ను ఊరికే పొగడదు. లెక్కల్లో దిట్టవే," అని ఇన్‌స్పెక్టర్ సుద్ద పొడి దులుపుకున్నాడు.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. పెద్ద కూతుర్ని కాటా చేసుకున్నాడు, చిన్న కూతుర్ని ఇన్‌స్పెక్టర్ చేసుకున్నాడు. అత్తగారింట్లో భోజనాల దగ్గర ఎవరి కేసు ఎవరు తేల్చారన్నది తేలకుండా ఏ సెలవూ గడవదు. కాటా ఒకప్పుడు మోటారు విడిభాగాల దుకాణం నడిపాడు. ప్రతి బోల్టూ తూచి, ప్రతి మాటా తూచి అమ్మేవాడని జనం పెట్టిన పేరు, దుకాణం మూసి పరిశోధనల పని మొదలెట్టాక కూడా అతన్ని వదల్లేదు.

కాటా కేసుని మనసులో ఒకసారి తూకం వేసుకున్నాడు. యజమానికి నాలుగు అద్దె కార్లు, ఒక షెడ్డు ఉన్నాయి. నాలుగూ అమ్మేసి షెడ్డు మూసేయాలని నిర్ణయించుకున్నాడు. కొంటానన్న మనిషితో మాట్లాడటానికి, నత్త తోలే తెల్ల కారులో ఆ రోజు కిరాయి ప్రయాణికులతో పాటు ఎక్కి అడ్డరోడ్డు దగ్గర దిగాడు. బేరం కుదిరింది. కొనేవాడు తన దారిన తను వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో నత్త యజమానిని ఎక్కించుకు రావాలి. 'నేను వచ్చేసరికి ఆయన అక్కడ లేడు' అంటాడు నత్త. మర్నాడు క్వారీ గుంటలో శవం దొరికింది. గుంటలో పడకముందే తల వెనక దెబ్బ తగిలిందని డాక్టరు తేల్చాడు. తిరిగి వచ్చేటప్పుడు నత్త కారు ఖాళీ. అతని తరఫున చెప్పేవాడెవడూ లేడు.

కారు ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి మీటరు కూడా లేదు. ఆ షెడ్డులో ఏ కారుకీ మీటరు తిరగదు. కారు కొనగానే యజమాని మీటరు కేబులు పీకించేస్తాడు. రేపు అమ్మేటప్పుడు తక్కువ తిరిగిన బండి అని చెప్పి నాలుగు డబ్బులు ఎక్కువ లాగొచ్చని. అందుకే ఆ షెడ్డులో ఏ లెక్కయినా పెట్రోలుతోనే.

"టెస్టుకి బండి ఎవరు తోలారు?" అడిగాడు కాటా.

"మా జీపు కానిస్టేబులే. నమ్మకం లేకపోతే నువ్వే అడుగు."

కానిస్టేబులు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. పోలీసు ఉద్యోగం కడుపుకోసం, ఇంజన్లు మనసుకోసం అన్నట్టుంటాడు.

"బండి ఎలా ఉందయ్యా?"

"బంగారం సార్. వెన్నలో కత్తి దిగినట్టు పోతోంది."

"మొదట్నించీ బంగారమేనా?"

"అబ్బే, మొదట్లో ఏం లేదండి. గేటు దాటకముందే దగ్గు. యాక్సిలరేటరు తొక్కితే ముందుకు పోవడం మానేసి ఎగురుతోంది. అలాంటి బండితో సార్ గారి టెస్టు ఎలా చేస్తాం? పరువు పోదూ! ప్లగ్గులు విప్పి, మసి గీకి, గ్యాప్ సరిచేసి బిగించాను. అప్పుడు తోలితే లీటరుకి పదహారు కొట్టింది." అతని ముఖంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు కనిపించింది.

ఇన్‌స్పెక్టర్ గోడ మీది అంకెల వైపు తిరిగాడు.

కాటా నెమ్మదిగా అన్నాడు: "శవానికి స్నానం చేయించి, తల దువ్వి, అప్పుడు పంచనామా రాశావన్నమాట తమ్ముడూ."

"ఎగతాళి చాలు. ప్లగ్గులు తుడిస్తే చేసిన హత్య చెరిగిపోతుందా?"

"హత్య చెరగదు. మైలేజీ మారుతుంది. ఇంజనులో పెట్రోలు ఆవిరిని ముట్టించేది ప్లగ్గు. దాని కొసన సన్నటి సందు ఉంటుంది. నిప్పురవ్వ ఆ సందు దూకాలి. సందు మరీ వెడల్పైతే, బండి బరువు లాగుతున్నప్పుడు రవ్వ దూకలేదు. రవ్వ లేకపోతే పెట్రోలు మండదు. మండకపోయినా ఇంజను పీల్చడం మానదుగా? పీల్చింది పీల్చినట్టే సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. డబ్బిచ్చి కొన్న సరుకు వీధిలో పారబోసినట్టు."

"ఎంత పోతుందేంటి? చెంచాడా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. కాటా ఒప్పుకున్నాడు. "సందు వెంట్రుకవాసి మారితే చెంచాడే. లీటరు మీద అర కిలోమీటరు కూడా తగ్గదు." కానిస్టేబులు వైపు తిరిగాడు. "ఈ బండికి ఎంత ఉందయ్యా?"

"మామూలుగా మిల్లీమీటరుకి కాస్త తక్కువ పెడతాం సార్. ఇది ఒకటిన్నర పైమాటే. సందు కొలిచే నా గేజులో అంత మందం రేకు లేదు, రెండు రేకులు కలిపి దూర్చాల్సి వచ్చింది. ఎవడో గుడ్డివాడు బిగించి ఉంటాడనుకున్నా."

"ఇదంతా ఎవరికి చూపిస్తావు?" ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు. "ప్లగ్గులు ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. పాత సందు ఎక్కడుంది? వీడి నోట్లో. రేపు కోర్టులో నిలబెడితే వీడికి ఏమీ గుర్తుండదు. గుర్తుంటుందా?"

కానిస్టేబులు పైన రేకుల్లో చిల్లులు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

*

లాకప్ ఊచల ముందు నత్త అక్క నిలబడి ఉంది. ఆమె టైలరు. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. కాటాని ఈ కేసులోకి దింపింది ఆమే. ఊచల వెనక నత్త గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎంత ఖాళీ రోడ్డయినా నలభై దాటి తోలడు కాబట్టి ఆ పేరు. చంటిబిడ్డలతో వెళ్ళేవాళ్ళు అతని బండే కావాలని అడిగేవారు.

కాటా ఊచల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అరుగుదలకి ఒక వేగం ఉంటుంది నత్తా. ఏడాది తోలినా ప్లగ్గు సందు వెంట్రుకవాసి పెరుగుతుంది, అంతే. రెట్టింపు కావాలంటే మనిషి చెయ్యి పడాలి. ఎవరి చెయ్యి?"

నత్త మోకాళ్ళ మధ్యకి తల దించుకున్నాడు.

"నీ బండిని ఎవడో పాడుచేస్తే ఈపాటికి గోలగోల చేసి ఉండేవాడివి. నోరు మెదపడం లేదంటే ఆ చెయ్యి నీదే."

"చెప్పరా! నాలుగింటికి తీసుకుపోతున్నారు నిన్ను. నాలుగింటికి!" అంది అక్క.

"చెప్తే ఇంకా లోతుకి పోతానక్కా."

"ఇంతకంటే లోతేముందిరా?"

నత్త గోడ వైపు తిరిగాడు. గోడకే చెబుతున్నట్టు మొదలెట్టాడు. "ఆ రోజు యావరేజీ రోజు సార్. ఆరు నెలలకోసారి వస్తుంది. ఆ రోజు బండ్లన్నీ మూతిదాకా నింపి పంపుతారు. తిరిగొచ్చాక మళ్ళీ నింపి, ఏ బండి లీటరుకి ఎంతిచ్చిందో చూస్తారు. వచ్చే ఆరు నెలలూ ఆ లెక్క ప్రకారమే మాకు పెట్రోలు పోస్తారు. అందుకని..."

"అందుకని ముందురోజు ప్లగ్గులు వంచుతారు," అన్నాడు కాటా. వర్తకుడి గుండె ఒక్క క్షణం ఆ తెలివికి సలాం కొట్టింది. "యావరేజీ రోజున పన్నెండు ఇస్తుంది. మర్నాడు సందు సరిచేస్తారు. మళ్ళీ పదహారు. పోసేది పన్నెండు లెక్కన. మిగిలిందంతా డబ్బాలోకి."

"మర్నాడు సరిచేసే లోపలే నన్ను పట్టుకొచ్చారు సార్."

"మా తమ్ముడు పెట్రోలు దొంగ. నేనెప్పుడో పట్టాను," అంది అక్క. "మిషను కింద డబ్బా పెట్టి కుట్టుమిషను నూనె అని చెప్పాడు. అంత నూనె పోస్తే ఆ మిషను రోడ్డు మీద పరిగెత్తదూ? వాసన తెలీదా నాకు! దొంగేనండీ. కానీ చీమని తొక్కితే దిగి చూసే రకం."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?" అడిగాడు కాటా.

"చెబితే ఇన్‌స్పెక్టర్ గారు ఏమంటారు సార్? నీ దొంగతనం యజమాని కనిపెట్టాడు, అందుకే చంపావంటారు. చెప్పకపోతే ఆ నలభై కిలోమీటర్లు నా నెత్తిన ఉంటాయి. ఎటు తిప్పినా నేనే."

"అంటాను. ఇప్పుడే అంటున్నా," అంది వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు. అతను ఎప్పుడొచ్చాడో, తలుపుకి ఆనుకుని విన్నాడు. "థాంక్స్ అన్నయ్యా. ఇంతవరకూ వీడెందుకు చంపాడో నాకు అంతుపట్టలేదు. నువ్వు వెతికి చేతిలో పెట్టావు."

అక్క చెయ్యి ఊచల మీద బిగుసుకుంది. కాటా ముఖంలో ఏమీ మారలేదు. కానీ లోపల తూకం ఆమె తమ్ముడికి వ్యతిరేకంగా ఒరిగిందని అతనికి తెలుసు. దూరం తీసేస్తే కారణం వచ్చి కూర్చుంది. కారణంతో పాటు దూరం కూడా ఉంటే ఉరే. దూరం అనేది పూర్తిగా, సాక్ష్యంతో సహా పోవాలి.

"ఎన్ని బండ్లకి వంచారు?" అడిగాడు.

"నాలుగింటికీ సార్. ముగ్గురు డ్రైవర్లం కూర్చుని ముందురోజు సాయంత్రం చేశాం. ఒక్క బండి బాగా ఇచ్చిందంటే, మిగతావి ఎందుకివ్వవని అడుగుతాడు కదా యజమాని."

"నాలుగోది ఎవరు తోలతారు?"

"నీలం బండి. మేనేజరుగారు తోలతారు. యజమానికి బావమరిది. అది వచ్చి మూడు నెలలే అయింది, దానికి ఇదే మొదటి యావరేజీ రోజు. ఆయనకి చెప్పలేదు. చెప్పినా అర్థం కాదు. ఆయనకి ప్లగ్గంటే గోడకుండేదే తెలుసు."

"తర్వాత దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముడతారు సార్? శవం దొరికినప్పట్నించీ షెడ్డు మూసే ఉంది. పోలీసులు తిరుగుతుంటే పానా పట్టుకునే ధైర్యం ఎవరికుంది?"

కాటా లేచి తోడల్లుడి వైపు తిరిగాడు. "నీలం బండి, తెల్ల బండి ఒకే మోడలు. ఒకే చేతులు వంచిన ప్లగ్గులు. వాటినింకా ఎవరూ సరిచేయలేదు. దానికి లీటరు సీసా పెట్టి తోలదాం. పదహారు ఇస్తే వీణ్ణి నేనే కోర్టుదాకా దిగబెడతాను."

"ఇవ్వకపోతే?"

"నీ లెక్క నువ్వే తుడిచేసుకోవాలి."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. మొండివాడే గాని, తప్పని తెలిసిన లెక్కని కోర్టుకి మోసుకుపోయే రకం కాదు. "పద. పదహారు ఇచ్చిందంటే మాత్రం, అత్తగారింట్లో నా కేసుల గురించి ఇక జన్మలో నోరెత్తకూడదు."

*

షెడ్డు తలుపు సగం దించి ఉంది. లోపల రెండు కార్లు కవర్లు కప్పుకుని ఉన్నాయి, మూడోది నీలం కారు. పక్కన అద్దాల గదిలో యజమాని భార్య కుర్చీలో కూర్చుని ఉంది. ముందున్న కప్పులో టీ మీద తెట్టు కట్టింది. మేనేజరు ఆమెకి సొంత తమ్ముడు. చలువ చొక్కా, చక్కగా దువ్విన తల. పోలీసుల్ని చూడగానే ఎదురొచ్చాడు.

"నీలం బండి టెస్టుకి కావాలి. తెల్ల బండితో పోల్చాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తప్పకుండా తీసుకెళ్ళండి. మా బావని పొట్టనబెట్టుకున్న ఆ వెధవకి శిక్ష పడాలి, అంతే!" మేనేజరు తాళాలు చేతిలో పెట్టాడు.

"ఆ రోజు మీరెక్కడున్నారు?" కాటా మామూలుగా అడిగాడు, ధర అడిగినట్టు.

"టైర్ల కోసం వెళ్ళాను. ఇక్కణ్ణించి డెబ్బై రెండు కిలోమీటర్లు, నత్త వెళ్ళిన రోడ్డుకి ఎదురు దిక్కు. తీరా వెళ్తే షాపు మూసుంది. వెనక్కొచ్చేశాను."

"పెట్రోలు ఎంత పట్టింది?"

"తొమ్మిది లీటర్లు. బంకులో అడగండి, చెప్తారు. డ్రైవర్ల లెక్కల్లా కాదండీ, నా లెక్క చుక్కకి చుక్క సరిపోతుంది."

కాటా గుణించి చూశాడు. తొమ్మిది పదహార్లు నూట నలభై నాలుగు. డెబ్బై రెండు వెళ్ళి రావడానికి నూట నలభై నాలుగు. నిజంగానే చుక్క తేడా లేదు. ఏళ్ళ తరబడి సరుకు అమ్మిన అనుభవంలో అతను నేర్చుకున్నది ఒకటుంది. నిజం లెక్కకి అంచుల్లో పోగులు వేలాడతాయి. ఎక్కడో రైలు గేటు పడుతుంది, దారి తప్పి వెనక్కి తిరగాల్సి వస్తుంది, ఎండలో ఇంజను వేడెక్కుతుంది. ఈ లెక్కకి ఒక్క పోగు కూడా వేలాడటం లేదు. దాన్ని పక్కన పెట్టాడు. ముందు నత్త పని చూడాలి.

కానిస్టేబులు ప్లగ్గులు విప్పాడు. నాలుగింటి కొనలూ నల్లటి మసితో ఉన్నాయి, రెండింటి మీద పెట్రోలు తడి మిగిలిన మరక. గేజు దూర్చి చూశాడు. ఒకే రేకు దూరిస్తే అది వదులుగా ఊగింది. రెండు కలిపితే సరిగ్గా బిగిసింది. ఇన్‌స్పెక్టర్ తన కళ్ళతో చూసి, తన చేత్తో గేజు లాగి, మళ్ళీ దూర్చి చూశాడు.

"ఈసారి తుడవకు. గీకకు. ముద్దు పెట్టుకోకు. ఎలా ఉన్నవి అలాగే బిగించు," అన్నాడు కానిస్టేబుల్తో.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం తీసేసి, ఇంజను పక్కన లీటరు సీసా కట్టి, దాని గొట్టం తగిలించారు. మెకానిక్కులు మైలేజీ చూసే పద్ధతి అది. సీసా ఖాళీ అయిన చోట బండి ఆగుతుంది. ఆగిన చోట రోడ్డు పక్క రాయి చూసుకుంటే చాలు.

షెడ్డు ఎదుటి రాయి దగ్గర మొదలెట్టారు. కానిస్టేబులు తోలుతుంటే, ఇన్‌స్పెక్టర్ ముందు సీట్లో, కాటా వెనక కూర్చున్నారు. బండి నడవడం లేదు, ఇష్టం లేని పెళ్ళికి వెళ్తున్నట్టు ఈడ్చుకుంటూ పోతోంది. చదునులో గొణిగింది. వంతెన ఎక్కేటప్పుడు కుదుపులతో ముగ్గురి తలలూ ఒకేసారి ఊగాయి. తొమ్మిదో రాయి దగ్గర ఇన్‌స్పెక్టర్ ఇంకా కాలు మీద కాలు వేసుకునే ఉన్నాడు. పదకొండో రాయి దగ్గర కాలు దించాడు. పన్నెండో రాయి దాటి కాస్త ముందుకెళ్ళాక ఇంజను ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి వెనకున్న రాయి చూశాడు.

"లీటరుకి పన్నెండు," అన్నాడు. "నత్తగాడి పది లీటర్లకి నూట ఇరవై. వెళ్ళానన్న ఊరికే వెళ్ళొచ్చాడు. నా నలభై కిలోమీటర్లు సైలెన్సర్లోంచి పోయాయి."

కాటా గెలిచినట్టు మాట్లాడలేదు. వెనక సీట్లో కూర్చుని, ఇందాక పక్కన పెట్టిన లెక్కని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కానీ ఆ లెక్క తేల్చింది అతను కాదు. ఇన్‌స్పెక్టర్ డోరు తెరిచి ఒక కాలు రోడ్డు మీద పెట్టి, అక్కడే ఆగిపోయాడు.

"అన్నయ్యా, ఈ బండి ఆ రోజు ఎంత తాగిందన్నాడు?"

"తొమ్మిది."

"ఇవే ప్లగ్గులతో."

"ఇవే ప్లగ్గులతో."

"తొమ్మిది పన్నెండ్లు నూట ఎనిమిది. నూట నలభై నాలుగు కాదు. వాడు టైర్ల ఊరికి వెళ్ళలేదు. వెళ్ళుంటే పన్నెండు లీటర్లు పట్టేది." ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు. "శవం దొరికిన రోజు నేను జీపులో కొలుచుకున్నాను. షెడ్డు నుంచి అడ్డరోడ్డుకి ముప్పై నాలుగు. అక్కణ్ణించి క్వారీకి ఇరవై. యాభై నాలుగు."

"రానూపోనూ నూట ఎనిమిది," అన్నాడు కాటా.

ఒక లారీ దాటిపోయింది. దాని గాలికి బండి కొద్దిగా ఊగింది.

"మరి వాడి లెక్క అంత చక్కగా ఎలా సరిపోయింది?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"బంకులో తొమ్మిది చూశాకే ఏ ఊరు వెళ్ళాడో నిర్ణయించుకున్నాడు. పదహారుతో గుణించాడు, అంత దూరంలో ఒక ఊరు వెతుక్కున్నాడు. ఉన్న గుడ్డని బట్టి చొక్కా కత్తిరించాడు. గుడ్డ కొలత తప్పని వాడికి తెలీదు. షెడ్డు అమ్మేస్తే అందరికంటే ముందు రోడ్డున పడేది కూడా వాడే."

"వెళ్ళి పట్టుకుంటాను."

"పట్టుకుని ఏం చెప్తావు? తొమ్మిది పన్నెండ్లనా? ప్లగ్గుల సంగతి నాకు తెలీదు, బండి నాకు బాగానే నడిచింది అంటాడు. మధ్యలో ఎవరో పెట్రోలు తీశారంటాడు, పోశారంటాడు. పొద్దున నా మాటకి నువ్వు అడ్డుపడ్డట్టే, సాయంత్రం వాడి వకీలు నీ మాటకి అడ్డుపడతాడు."

"అయితే వదిలేయమంటావా?"

"అడగొద్దంటున్నాను. అడిగితే మనిషి జాగ్రత్త పడతాడు. ఏమీ అడక్కుండా, వాడికి జరిగిన నష్టం చెబుదాం. నష్టం విన్నవాడి నోరు ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదు."

*

వాళ్ళు తిరిగి వచ్చేసరికి మేనేజరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి అడ్డంగా ఉండేలా చూసుకుని నిలబడ్డాడు. కానిస్టేబులు విప్పిన ప్లగ్గు ఒకటి అద్దాల గదిలో బల్ల మీద పెట్టాడు. కుర్చీలో యజమాని భార్య కదల్లేదు.

"మీకో చెడ్డ వార్త," అన్నాడు కాటా. "మీ డ్రైవర్లు మిమ్మల్ని నిలువునా దోచుకున్నారు."

"ఏం చేశారు?"

కాటా తాపీగా చెప్పాడు. యావరేజీ రోజు సంగతి, వంచిన ప్లగ్గులు, ఇంటికి చేరిన డబ్బాలు, ఏళ్ళ తరబడి పోసిన పెట్రోలు, అన్నీ. మేనేజరు ముఖం మెడ నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది. హత్య గురించి మాట్లాడినప్పుడు కూడా ఆ ముఖంలో అంత నిజమైన బాధ కనబడలేదు.

"వేలకి వేలు!" అన్నాడు. "ముగ్గురూ కలిసి చేశారా?"

"ముగ్గురూ కలిసే. మీ బండిని కూడా వదల్లేదు."

"నా బండికా?"

"ఇదిగో, మీ బండిదే. చూడండి సందు, గోరు దూరుతుంది. మొన్న యావరేజీ రోజు ముందు సాయంత్రం వంచారు."

మేనేజరు ప్లగ్గు తీసుకుని చూశాడు. ఏం చూడాలో అతనికి తెలియలేదు గాని, కోపానికి అదేం అడ్డు కాలేదు. "అందుకా! నేను ఇంజనే పోయిందనుకున్నా! ఎత్తు ఎక్కుతుంటే అడుగడుక్కీ చచ్చింది. బావయితే 'నేను దిగి నడుస్తాన్రా, ఖాళీ బండి ఎక్కించు' అన్నాడు కూడా. ఇంత పెట్రోలు తాగించి, ఇంత నరకం చూపించి, ఈ వెధవలు..."

తిట్టు సగంలో ఉండగా గది నిశ్శబ్దంగా ఉందని అతనికి తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచలేదు. కానిస్టేబుల్తో, "స్టేషనుకి ఫోన్ చెయ్యి. నత్తని జీపు ఎక్కించొద్దను. పెట్రోలు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు. తర్వాత మేనేజరు వైపు చూశాడు. "టైర్ల ఊరి దారంతా చదునే. ఎత్తు ఎక్కడొచ్చిందండీ?"

"అది... వేరే రోజు. అంతకుముందెప్పుడో బావతో వెళ్ళినప్పుడు."

"అంతకుముందు ఈ ప్లగ్గులు బాగానే ఉన్నాయి. వంచింది ముందురోజు సాయంత్రం. ఈ ప్లగ్గులతో ఈ బండి మీ చేతిలో తిరిగింది ఒక్క రోజే."

మేనేజరు ప్లగ్గుని బల్ల మీద పెట్టబోయాడు. అది దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు.

యజమాని భార్య కుర్చీలోంచి లేచింది. తమ్ముడి ముఖంలోకి కాదు, అతని చలువ చొక్కా వైపు చూసింది. ఆ రోజు సాయంత్రం షెడ్డుకి వచ్చినప్పుడు వేరే చొక్కాలో ఉన్నాడేమో గుర్తుచేసుకుంటున్నట్టు.

"ఆ రోజు ఆయన నీ బండి ఎక్కలేదన్నావు కదరా," అంది.